పరుగు గడియారము కొనదలచువారికి

మందు మాట ముగిసిన పిమ్మట మణికట్టు చాపి, “అయ్యా, పరుగునకు ఏ గడియారము కొనమందురు?” అని అడుగువారు నేడు పెక్కుమంది. వ్యాయామ విషయము గనుక ఈ ప్రశ్న వైద్యునకు సంబంధించనిది కాదు.

ఈ గడియారములు ప్రధానముగా చేయునవి రెండు పనులు. జీపీఎస్ ఉపగ్రహముల సంకేతములను గ్రహించి దూరమును, వేగమును లెక్కించుట మొదటిది. దీనికొరకు విశేష ధనము వెచ్చింప బనిలేదు. 2021లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 ఒక్కసారి చార్జి చేసినచో జీపీఎస్‌తో 20 గంటల వరకు పనిచేయునని తయారీదారులు చెప్పుదురు. దినమునకు ముప్పావు గంట పరుగెత్తు గృహస్థునకు అది చాలదా? ఎత్తైన భవనముల నడుమ మాత్రము సంకేతములు గోడలకు తగిలి మరలివచ్చుటచే దూరము తప్పుగా కానవచ్చును. అట్టి చోట్ల పరుగెత్తువారు రెండు పౌనఃపున్యములను గ్రహించు గడియారము తీసికొనవచ్చును. 2023 నాటి కోరోస్ పేస్ 3లో ఈ సదుపాయము కలదు. కొండలలో, అడవులలో తిరుగువారికి పటములు చూపు ఖరీదైన రకములు ఉపయోగపడును. కాలనీ పార్కు చుట్టును తిరుగుటకు పటమెందులకో నాకు బోధపడదు.

రెండవ పని గుండె స్పందనను లెక్కించుట. వైద్యునిగా నా ఆందోళన యంతయు ఇచ్చటనే. గడియారము చర్మముపై ఆకుపచ్చని కాంతి ప్రసరింపజేసి రక్తప్రవాహపు హెచ్చుతగ్గులను గ్రహించును. పట్టీ వదులైనను, వేగము మాటిమాటికి మారినను లెక్క తప్పవచ్చును. అంతకంటె కచ్చితము కావలెనన్నచో ఛాతీకి కట్టుకొను పట్టీ మేలు. ఇక గరిష్ఠ స్పందనను 220 నుండి వయస్సును తీసివేసి నిర్ణయించు పద్ధతి యొకటి వాడుకలో నున్నది. అరువది యేండ్లవానికి 160 అన్నమాట. ఇది సగటు లెక్కయే. ఒకే వయస్సువారిలో పదిపన్నెండు, అంతకు మించియు భేద ముండును.

రక్తపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడువారు మరింత జాగరూకులై యుండవలెను. ఆ మందులు గుండె వేగమును అణచి యుంచును. అది యెరుగని గడియారము “శ్రమ చాలలేదు” అని చూపును. దానిని నమ్మి పరుగు పెంచుట ప్రమాదము. అంకె పెరుగుటకై మాత్ర మానుట అంతకంటె ప్రమాదము. అట్టివారు ఎంత శ్రమ తగునో తమ వైద్యునే అడుగవలెను. ఛాతీలో నొప్పి, బరువు తోచినచో గడియారము చూచుచు నిలువక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సుశ్రుతుడు, వాగ్భటుడు అర్ధశక్తి మేరకే వ్యాయామము చేయుమనిరి. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టుట, నోరు ఎండుట, నోటితో ఊపిరి తీయవలసివచ్చుట దానికి గుర్తులు. హేమంత, శిశిర, వసంతములు దాటిన పిమ్మట ఆ శ్రమనైనను తగ్గించుమని వాగ్భటుని మతము. మే నెలలో అదే వేగమునకు గుండె మరింత కొట్టుకొనును. జనవరిలోని వేగమును అప్పుడును అందుకొనవలెనని పట్టుపట్టుట మనవంటి ఉష్ణదేశమున తగదు.

అంగడిలో గడియారము ధరించి చూచియే కొనుడు. చెమట చేతులకు తాకుడు తెరకంటె బొత్తాములు సుకరము. పట్టీని మణికట్టు ఎముకకు అంగుళము పైన, బిగువుగా, రక్తము ఆగకుండ కట్టుకొనుడు. చెమట నిలిచినచో దద్దురు వచ్చును గనుక పరుగు ముగిసిన వెంటనే విప్పి, కడిగి, నీడన ఆరనిండు.