బండి ఎందుకు లేవలేదు?



నల్లగొండ జిల్లా బత్తాయి తోటలకు పేరుపొందినదని మీకు తెలుసు గదా! కోసిన కాయ తెల్లవారేసరికి పట్నం మార్కెట్టు చేరితేనే రైతుకు నాలుగు డబ్బులు. మల్లేపల్లి నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదుకు అటువంటి కాయల బస్తాలతో ఒక చిన్న లారీ బయలుదేరిందనుకోండి. అది పాతరకం డీసెలు ఇంజను బండి.

రాత్రి పదకొండు గంటలయింది. చక్రం ఒక గుంటలో పడి లారీ ఎగిరిపడ్డది. వెంటనే దీపాలు రెపరెపలాడినై. డ్రైవరు బండిని రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపాడు. ఆపగానే దీపాలన్నీ ఆరిపోయినై! బాటరీ పెట్టె మూత తీసి తీగెలను కాస్త కదిలించేసరికి మళ్ళీ మామూలుగా వెలిగినై. "హమ్మయ్య" అనుకుని తాళంచెవి తిప్పాడు. "టక్" మన్నది. దీపాలు పూర్తిగా కుంగిపోయినై. ఇంజను మాత్రం కదలలేదు.

"బాటరీ ఖతమైందన్నా, కొత్తది తేవాలె" అన్నాడు క్లీనరు.

"కాదు తమ్మీ, సెల్ఫు మోటారు కాలిపోయి ఉంటది" అన్నాడు అటుగా వచ్చిన మరొక లారీ డ్రైవరు.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఏది కొన్నా వేల రూపాయల ఖర్చు. కొని బిగించిన తరువాత కూడా బండి లేవకపోతే డబ్బూ పోతుంది, కాయలూ వాడిపోతాయి. అందుచేత కొనకముందే తెలుసుకోవాలి. ఎట్లాగో చూద్దాం.

ఇంజను తనంతట తాను మొదలుకాదు. దానిని ఎవరో ఒకరు కొన్ని చుట్లు తిప్పాలి. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. ఆ కాలపు మోటారు బండ్లకు ముందుభాగాన ఒక రంధ్రం ఉండేది. అందులో ఇనుప హాండిలు దూర్చి చేత్తో తిప్పేవారు. ఒక్కొక్కప్పుడు ఇంజను వెనక్కు తన్నేది. ఆ దెబ్బకు తిప్పేవాడి మణికట్టు విరిగేది! ఈ బాధ తప్పించటానికి అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు, ఇంజనును తిప్పే విద్యుత్ మోటారును తయారుచేశాడు. 1912 నాటి కాడిలాక్ కార్లలో దానిని అమర్చారు. మన డ్రైవర్లు "సెల్ఫు" అనేది ఈ మోటారునే.

బాటరీలో నుంచి బయలుదేరిన విద్యుత్తు లావుపాటి తీగె వెంట, సోలినాయిడు అనే పెద్ద మీట గుండా సెల్ఫులోకి పోతుంది. అక్కడినుంచి ఇంజను ఇనుము ద్వారా, ఎర్తు తీగె ద్వారా మళ్ళీ బాటరీకి చేరుతుంది. తాళంచెవి చేసే పనల్లా ఆ సోలినాయిడును లేపటమే. ఈ దారిలో ఎక్కడ తెగినా, ఎక్కడ ఇరుకైనా సెల్ఫు తిరగదు.

"దీపాలు బాగానే వెలిగినై గదా, మరి దారి బాగున్నట్టే గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న! మీ ఊరి చెరువు తూమును గుర్తు తెచ్చుకోండి. తూములో ఒక రాయి అడ్డం పడ్డదనుకోండి. సందులో నుంచి కారే నీళ్ళతో బిందె నిండుతుంది. కాని వరిమడి తడుస్తుందా? తడవదు. దీపం బిందె వంటిది, సెల్ఫు మడి వంటిది.

లెక్కవేసి చూద్దాం. 12 వోల్టుల బండిలో 60 వాట్ల దీపానికి 5 ఆంపియర్లు చాలు. సెల్ఫుకు 150 ఆంపియర్లకు పైగానే కావాలి. బాటరీ కొసమీద మురికి పేరుకుని, ఓములో ఇరవయ్యో వంతు అడ్డు ఏర్పడిందనుకుందాం. దీపం వెలిగేటప్పుడు అక్కడ నష్టపోయేది పావు వోల్టు. కంటికి తేడా తెలియదు. అదే సెల్ఫుకు 150 ఆంపియర్లు పోవాలంటే అక్కడే ఏడున్నర వోల్టులు ఖర్చు కావాలి! ఇక మోటారుకు మిగిలేదేమిటి?

ఇప్పుడు తాళంచెవి తిప్పినప్పుడు బండి చెప్పే మాటలు వినండి.

దీపాలు లేవు, చప్పుడు లేదు అంటే, బాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా దాని తీగె ఊడి ఉండాలి, లేదా పెద్ద ఫ్యూజు పోయి ఉండాలి.

దీపాలు నిబ్బరంగా వెలుగుతూనే ఉండి, చప్పుడేమీ లేదంటే, సోలినాయిడుకు కబురు అందటం లేదన్నమాట. తాళంచెవి మీటనూ, దాని తీగెలనూ, ఫ్యూజునూ చూడాలి.

"టక్" మని ఒక్క చప్పుడు వచ్చి, దీపాలు మాత్రం తగ్గలేదంటే, సోలినాయిడు లోపలి భాగాన్నో, సెల్ఫునో అనుమానించాలి.

"టక్" మనో "టకటక" మనో అంటూ దీపాలు కుంగిపోతే, బాటరీలో సత్తువ లేదన్నా కావచ్చు, దారిలో రాయి పడ్డదన్నా కావచ్చు. మన లారీది ఈ లక్షణమే. ఒకటే దగ్గుకు రెండు జబ్బులు ఉన్నట్లు, ఇక్కడ ఊహ పనికిరాదు. కొలవాలి.

తెలిసిన మెకానిక్కు వోల్టుమీటరు తీస్తాడు. మొదట బాటరీ సీసపు కొసలమీదనే పెట్టి చూస్తాడు. నిండిన బాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే అది దాదాపు ఖాళీ. తరువాత డ్రైవరును తాళంచెవి తిప్పమని మళ్ళీ చూస్తాడు. మన లారీ బాటరీ అప్పుడు కూడా 12.4 చూపిందనుకోండి. అంటే బాటరీలో సత్తువ ఉన్నది! ఇప్పుడు మీటరు ఒక కొస సీసం మీదా, రెండవ కొస దానిని పట్టుకున్న బిగింపు మీదా పెడతాడు. రెండూ అంటుకునే ఉన్నవి, తేడా ఉండకూడదు. కాని తాళం తిప్పగానే 7 వోల్టుల తేడా! దొంగ దొరికాడు. బిగింపు వదులై, లోపల తెల్లని పొడి పేరుకున్నది. గుంటలో పడ్డప్పుడు అది మరింత కదిలింది. గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగిస్తే సెల్ఫు గిర్రున తిరుగుతుంది. ఖర్చు గరుకు కాగితం ముక్క!

బాటరీ దగ్గర పని పెద్దలదే సుమా! అందులో గంధకికామ్లం ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది. దానినుంచి వచ్చే ఉదజని వాయువు ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే బీడీ దగ్గరకు రానివ్వరు. తీగె విప్పేటప్పుడు ఎర్తు వైపు ముందు విప్పి, బిగించేటప్పుడు దానిని చివర బిగిస్తారు. ఫ్యూజు పోతే దాని బదులు లావు తీగె ముక్క చుట్టేవారున్నారు. అది ఇల్లు కాలుతుంటే కూతపెట్టే కావలివాడి నోరు కట్టటమే. ఎలుక కొరికిన తీగె ఇనుముకు తగిలి ఫ్యూజు పోయి ఉంటే, రెండవసారి కాలేది బండే! అంతే ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలి. అది కూడా పోతే కారణం వెతకాలి.

ఇక మీరు చేయదగిన ఆట ఒకటి చెబుతాను. రెండు సెల్లుల టార్చిలైటు తీసుకోండి. మీ స్నేహితుణ్ణి చాటుకు వెళ్ళి మూడింటిలో ఒక్క తప్పు చేసి తెమ్మనండి: సెల్లుల మధ్య కాగితం పెట్టటం, ఒక సెల్లు తిరగేయటం, వెనుక మూత వదులు చేయటం. మీరు ఒకసారికి ఒక్కటే సరిచూడండి. ప్రతిసారీ మీట నొక్కి చూడండి. రెండు పనులు ఒకేసారి చేస్తే దీపం వెలగవచ్చు, కాని తప్పు ఎక్కడున్నదో మీకు ఎన్నటికీ తెలియదు. ఎన్ని పరీక్షలలో పట్టుకున్నారో నోటుపుస్తకంలో రాసుకోండి. తరువాత మీ వంతు తప్పు దాచటం, మీ స్నేహితుడి వంతు వెతకటం!