హృద్రోగులు - రక్తప్రవాహ గణితము

మందుపూత గల స్టెంటు ఒకింటికి 29,600 రూపాయలకు మించి తీసికొనరాదని 2017వ సంవత్సరము ఫిబ్రవరిలో జాతీయ ఔషధధరల నిర్ణయసంస్థ శాసించినప్పుడు దేశమంతటను జనులు సంతసించిరి. సంతసింపదగిన పనియే. కాని వస్తువు వెలకు హద్దు కట్టినంతమాత్రమున ఆ వస్తువు ఈ రోగికి కావలయునా, అక్కఱలేదా యను ప్రశ్న తీఱలేదు. అక్కఱలేని స్టెంటు ఎంత చౌకగా దొరకినను రోగికి నష్టమే గదా!

గుండెపోటు వచ్చి ధమని మూసికొనిపోయిన రోగికి తత్క్షణమే దానిని తెఱచుట ప్రాణదానము. అందు వివాదము లేదు. మా విచారణ, మెట్లెక్కునప్పుడో వడిగా నడచునప్పుడో రొమ్మున నొప్పి తోచి వైద్యుని యొద్దకు బోవు స్థిరరోగులను గూర్చినది. అట్టివారిని 5,179 మందిని పరీక్షించి 2020లో ప్రకటించిన ఇస్కీమియా పరిశోధనమున, మందులతో ప్రారంభించినవారికిని, మొదటనే స్టెంటుగాని శస్త్రచికిత్సగాని పొందినవారికిని మరణములందును గుండెపోటులందును చెప్పదగిన భేదము కనబడలేదు. తఱచుగా నొప్పి వచ్చుచుండినవారికి మాత్రము చికిత్సవలన ఉపశమనము హెచ్చుగా లభించినది. కావున ఎవరికి, ఏ ధమనిలో, అను నిర్ణయమే సర్వమును.

ఆ నిర్ణయము చిరకాలముగా కంటిచూపుతో జరుగుచున్నది. 1958లో క్లీవులాండు నగరమున మేసన్ సోన్స్ హృదయధమనిలోనికి నేరుగా రంగుద్రవమును పంపి ఎక్సురే చిత్రము తీసినది మొదలు, వైద్యులు ఆ నీడను చూచి ఇరుకు నూటికి ఇన్నిపాళ్లని చెప్పుచున్నారు. కాలువ యొకచోట ఇరుకైనదని గట్టుమీద నిలిచి చెప్పుట సులభము. శివారు పొలమునకు నీరందుచున్నదా యనునది శివారునకు బోయి చూచినగాని తెలియదు. ధమనివ్యాసము నూటికి దాదాపు 85 పాళ్లు తగ్గువఱకు విశ్రాంతికాలమున ప్రవాహము తగ్గదనియు, గరిష్ఠప్రవాహము మాత్రము అంతకు చాల ముందే తగ్గనారంభించుననియు లాన్స్ గౌల్డు 1974లోనే ప్రయోగములచే చూపెను.

శివారునకు బోయి చూచు ఉపాయమును 1990ల దశాబ్దిలో నీకో పైల్సు, బెర్నార్డు డిబ్రూన్ అను యూరోపియను వైద్యులు కల్పించిరి. పీడనమును కొలుచు సన్నని తీగను ఇరుకు దాటించి, మందుచే ప్రవాహమును గరిష్ఠము చేసి, ఆవలి పీడనమును బృహద్ధమనిలోని పీడనముతో భాగింతురు. భాగఫలము 0.80కి మించినచో ఆ యిరుకునకు సాధారణముగా స్టెంటు అక్కఱలేదు. 2009లో వెలువడిన ఫేమ్ పరిశోధనమున 1,005 మంది రోగులలో, కంటిచూపు పక్షమువారికి సగటున 2.7 స్టెంటులు పడగా కొలతపక్షమువారికి 1.9 మాత్రమే పడినవి. ఏడాదిలోపల మరణము, గుండెపోటు, మరల చికిత్స యనునవి మొదటిపక్షమున నూటికి 18.3 మందికి, రెండవపక్షమున 13.2 మందికి సంభవించినవి. తక్కువ స్టెంటులతో ఎక్కువ క్షేమము!

ఇప్పుడు తీగ లేకయే ఆ భాగఫలమును గణించు విద్య వచ్చినది. చార్లెస్ టేలరు, క్రిస్టఫర్ జారిన్సు 2007లో స్థాపించిన హార్ట్‌ఫ్లో సంస్థ పద్ధతికి అమెరికాలో 2014 నవంబరున అనుమతి లభించెను. సీటీ స్కాను చిత్రములనుండి ధమనుల రూపమును కంప్యూటరులో నిర్మించి, గుండెకండరపు పరిమాణమును బట్టి ఎంత నెత్తురు కావలయునో అంచనా కట్టి, ద్రవగతికి సంబంధించిన నేవియర్-స్టోక్సు సమీకరణములను సాధింతురు. రోగి యొడలిలోనికి తీగ పోదు. కాని ఇది కొలత కాదు, గణనమని మఱవరాదు. గొట్టపు వ్యాసార్ధము సగమైన ప్రవాహనిరోధము పదునాఱురెట్లగును. పందొమ్మిదవ శతాబ్దమున ప్వాజేయి యను ఫ్రెంచివైద్యుడు కనుగొన్న సూత్రమిది. కావున చిత్రమున వెండ్రుకవాసి తప్పినను ఫలము మాఱును. సున్నము పేరుకొన్న ధమనులును, వడిగా కొట్టుకొను గుండెయు చిత్రమును చెఱచును.

254 మందిపై జరిగి 2014లో వెలువడిన ఎన్.ఎక్స్.టి. పరిశోధనము ఇందలి లాభనష్టములను రెంటిని చూపినది. తీగకొలతచే నిర్దోషులని తేలినవారిలో సీటీ చిత్రము మాత్రమే నూటికి 34 మందిని గుర్తింపగా, గణనము 79 మందిని గుర్తించినది. నిజముగా ప్రవాహము తగ్గినవారిని చిత్రము నూటికి 94 మందిని పట్టుకొనగా, గణనము 86 మందినే పట్టుకొన్నది. 2017లో పలు పరిశోధనములను సమీకరించి చూచినవారికి, గణితఫలము 0.90 దాటినప్పుడు అది నూటికి దాదాపు 98 పర్యాయములు తీగకొలతతో ఏకీభవించుటయు, 0.70, 0.80ల నడుమ 46 పర్యాయములే ఏకీభవించుటయు కనబడినది. నిర్ణయము కష్టమైనచోటనే గణితము తడబడుచున్నదన్నమాట.

ఖర్చు మాట యేమి? బ్రిటనులో 2017నాటికి ఒక్కొక్క గణనమునకు 700 పౌండ్లు. అచ్చట 1,400 మందిపై జరిపి 2021లో ప్రకటించిన ఫోర్కాస్టు పరిశోధనమున తీగగొట్టపు పరీక్షలు నూటికి 22 పాళ్లు తగ్గినను మొత్తము వ్యయము తగ్గలేదు. ధనికదేశమునకే లాభింపని వెలను మన రోగి యెట్లు భరించును? హార్ట్‌ఫ్లో పద్ధతిలో ఆసుపత్రి చిత్రములు సంస్థకు పోయి, అచట గణింపబడి, ఫలము మరలివచ్చును. సమీకరణములు మాత్రము ఏ సంస్థ సొత్తును కావు. సరళీకృత గణనమునకు సామాన్యమైన కంప్యూటరే చాలునని ఇతర పరిశోధకులు చూపియున్నారు. పెద్దయంత్రమే కావలయునన్నచో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి.లో పరమ్ సేవ యున్నది. 1998లో అబ్దుల్ కలామ్, సోమరాజుగార్లు హైదరాబాదున చౌకస్టెంటును సిద్ధము చేయగలిగినప్పుడు, ఈ గణితము మనవారికి అందనిదని మేము నమ్మజాలము. మన ప్రభుత్వాసుపత్రుల రోగులలో తీగకొలతతో సరిచూచి, తప్పొప్పులను బహిరంగముగా ప్రకటించు పూనిక కావలయును.

అంతవఱకు ఆరోగ్యశ్రీ వంటి పథకములు స్థిరరోగి స్టెంటునకు మూల్యము చెల్లించుటకు ముందు, ప్రవాహము తగ్గినదని చూపు పరీక్ష యేదైన రోగి పత్రములలో నున్నదా యని యడుగవలయును. గణనము చేయువారు స్టెంటు వేయు ఆసుపత్రికి ఉద్యోగులు కారాదు. ఫలము 0.70, 0.80ల నడుమ పడినయెడల తీగకొలత జరుగవలయును. ఆ తీగ ఖర్చు పథకమే భరింపవలయును.