పెట్టె మీద ఎర్రబొట్టు

మా ఆఫీసులో నా బల్లమీద ఒక నల్లపెట్టె ఉన్నది. దాని పేరు థింక్‌ప్యాడ్. మీటల నడుమ ఎర్రబొట్టు దాని గుర్తు. దానిని వేలితో నెట్టితే తెరమీద బాణం కదులుతుంది. 1992లో అమెరికావారి ఐబీఎం కంపెనీ దీనిని తెచ్చినది. "ఆలోచించు" అన్న తమ నినాదం అచ్చువేసి ఉద్యోగులకిచ్చే జేబుపుస్తకమే ఆ పేరుకు మూలం. 2005లో చైనావారి లెనోవో కొన్నది. యజమాని మారినా పేరూ, బొట్టూ నిలిచినవి.

మన బరంపురమూ 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని విడిచి ఒరిస్సాలో చేరినది. ఇంట్లో తెలుగు నిలిచినది. అయితే మొన్న మా అబ్బాయి ఆ మీటలమీద ఒడియా, ఇంగ్లీషు చకచక కొట్టి, తాతగారికి తెలుగులో నాలుగు ముక్కలు రాయమంటే చేతులు ముడుచుకున్నాడు. తప్పు వాడిది కాదు, నేర్పని నాది. ఈ ఆదివారమే ఓనమాలు మొదలుపెడుతున్నాం. మరి మీ ఇంట్లోనో?