యూనిఫారం ఒకరిది, మర్యాద ఇద్దరిది

మిలట్రీవాడి భార్య అంటే మన ఊళ్ళల్లో రెండే అభిప్రాయాలు. నెల నెలా డబ్బొస్తుంది, కాంటీన్ సామాను చవగ్గా దొరుకుతుంది, ఆవిడకేం లోటు అనేది ఒకటి. పాపం, మొగుడు ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడు, ఒక్కతే పిల్లల్ని పెంచుకొస్తోంది అనేది రెండోది. రెండింట్లోనూ కొంత నిజముంది. కాని ఆ యూనిఫారం ఇంట్లోకొచ్చాక ఇల్లాలిమీద పడే బాధ్యత ఒకటుందని మాత్రం ఎవరికీ తోచదు. నేను ఈ కళాశాలలోనే డిగ్రీ చదివి, సైనికుణ్ణి పెళ్ళాడి, పద్దెనిమిదేళ్ళు కంటోన్మెంటు క్వార్టర్లలో కాపురం చేసి, మళ్ళీ ఈ ఊరే చేరుకున్నదాన్ని. యూనియన్ పిల్లలు "ఏదైనా రాసివ్వండి మేడమ్" అని అడిగితే ఈ సంగతే రాద్దామనిపించింది. ఏటా మన ఎన్.సి.సి. కుర్రాళ్ళు కొందరు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. వాళ్ళను చేసుకోబోయే అమ్మాయిలు, ఆ మాటకొస్తే సైన్యంలో చేరిన అమ్మాయిలను చేసుకోబోయే అబ్బాయిలు కూడా ఈ పేజీలు చదివేవాళ్ళలో ఉండకపోరు.

ముందు చిన్న విషయాలు. యూనిఫారంలో ఉన్న మనిషి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి. ఎదురుగా పై అధికారి రావచ్చు, సెల్యూట్ చెయ్యాలి. కింది ర్యాంకువాడు సెల్యూట్ చేస్తే తిరిగి చెయ్యాలి. ఈ ముక్క తెలియక ఎన్ని సంసారాల్లో అలకలో! బజారుకెళ్ళి వస్తూ కూరల సంచీ భర్త చేతికిస్తే ఆయన తీసుకోడు, లేదా ఎడమచేత్తో తీసుకుంటాడు. "మీ ఆయనకి నామోషీ" అంటుంది పక్కింటావిడ. నామోషీ కాదు తల్లీ, డ్రిల్లు. వానలో మనం గొడుగు కిందికి రమ్మన్నా రాడు. యూనిఫారంలో గొడుగు పట్టే ఆనవాయితీ మన సైన్యంలో లేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవటం, ప్లాట్‌ఫారం మీద కౌగిలింతలు, ఇవన్నీ ఇంటికొచ్చి బట్టలు మార్చుకున్నాకనే. ప్రేమ లేదని కాదు. ఆ బట్టల్లో ఉన్నంతసేపు జనం చూసేది మన ఆయన్ని కాదు, సైన్యాన్ని.

టోపీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మన సైన్యంలో తలమీద టోపీ లేకుండా సెల్యూట్ చెయ్యరు. నిటారుగా నిలబడి ఊరుకుంటారు. కనుక ఇంట్లో బోడితలతో కూర్చున్న నాన్నను "సెల్యూట్ కొట్టు నాన్నా" అని పిల్లలు వేధిస్తుంటే మనం వత్తాసు పలకకూడదు. అలాగే ఆగస్టు 15న జెండా ఎగరేసేటప్పుడు యూనిఫారంలో ఉన్నవాళ్ళు సెల్యూట్ చేస్తారు, మిగతావాళ్ళం జెండావైపు తిరిగి నిశ్చలంగా నిలబడితే చాలు. చీర కట్టుకుని భర్త పక్కన మిలట్రీ సెల్యూట్ పెట్టే ఆడవాళ్ళను చూశాను. ఉత్సాహమే, కాదనను. కాని సెల్యూట్ ఆ బట్టకు సంబంధించింది.

ఇక అసలు నాకు మాట్లాడాలని ఉన్నది ర్యాంకు గురించి. లాన్స్ నాయక్‌కు చేతిమీద ఒక పట్టీ, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. భుజంమీద రెండు నక్షత్రాలుంటే లెఫ్టినెంటు అనుకుంటాం. కాని ఆ నక్షత్రాల పక్కన రంగుల రిబ్బను పట్టీ ఉంటే ఆయన సుబేదారు. లెఫ్టినెంటుకు ఇరవై మూడేళ్ళుంటాయి, సుబేదారుకు నెరిసిన మీసాలుంటాయి. ర్యాంకులో పెద్దయినా ఆ కుర్ర లెఫ్టినెంటు సుబేదారును "సాబ్" అనే పిలుస్తాడు. మా వారు సుబేదారుగా రిటైరయ్యారు గనక గొప్పకు చెబుతున్నానని అనుకోకండి, ఆ మర్యాద నిజంగా అందమైనది. సైన్యంలోని మగవాళ్ళు ఇంత జాగ్రత్తగా పాటించే ఈ మర్యాద వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ మధ్య మాత్రం వేరే రూపం దాలుస్తుంది. భర్త భుజంమీది నక్షత్రాలు భార్య కొంగుమీదికి దిగుతాయి! ఒకచోట (ఊరు, యూనిట్టు చెప్పను) కుటుంబాల మీటింగులో పెద్ద ఆఫీసర్ల భార్యలకు ముందు సోఫాలు, మాకు వెనక ఇనపకుర్చీలు, సిపాయిల భార్యలకు జంపఖానా. పైగా ఆలస్యంగా వచ్చిన ఒక ఆఫీసరుగారి భార్యకోసం, అరవై ఏళ్ళ తల్లిని వెంటబెట్టుకొచ్చిన ఒక జవాను భార్యను లేపారు. ఇది ఏ నిబంధనలోనూ లేదు. రాష్ట్రపతి కమిషన్ ఇచ్చేది ఆఫీసరుకు, ఆయన భార్యకు కాదు. సెల్యూట్ కూడా అంతే. జంటగా నడుస్తున్నప్పుడు ఎవరైనా సెల్యూట్ చేస్తే అది యూనిఫారానికి. పక్కనున్న మనం ఒక్క క్షణం ఆగి, చిరునవ్వు నవ్వితే మర్యాదగా ఉంటుంది. అందుకోవటానికి మనది కాదు. భార్యలు నేర్చుకోవలసిన మర్యాదల్లో ఇదే మొదటిదని నా గట్టి నమ్మకం. ఆ నేర్చుకోవటం సిపాయి భార్యతో కాదు, పైనించి మొదలు కావాలి.

రెండోది మరీ ముఖ్యం, దీనికీ గౌరవానికీ సంబంధం తక్కువ. మన ఇళ్ళల్లో పాతబట్టలు ఏం చేస్తాం? మూట కట్టి, స్టీలు సామానువాడికి వేసి, గిన్నెలు తీసుకుంటాం. పాత యూనిఫారం ఆ మూటలోకి పోకూడదు. 2016 జనవరిలో పఠాన్‌కోట వైమానిక స్థావరం మీద దాడి చేసినవాళ్ళు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. తర్వాత సైన్యం, తమ దుస్తుల్లాంటివి తొడుక్కోవద్దని జనానికీ, అమ్మవద్దని దుకాణాలకూ విజ్ఞప్తి చేసింది. సైనికుడు కానివాడు, సైనికుడని నమ్మించటానికి ఆ దుస్తులు వేసుకుంటే నేరం. పాత శిక్షాస్మృతిలో అది 140వ సెక్షను, జరిమానా 500 రూపాయలదాకా. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షను. మూడు నెలలదాకా జైలు, లేదా 2000 దాకా జరిమానా, లేదా రెండూ. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవంనాడు చూపించిన కొత్త చుక్కల నమూనా యుద్ధదుస్తుల డిజైనును అదే ఏడాది సైన్యం తన పేర రిజిస్టరు కూడా చేయించుకుంది. అంగట్లో నకళ్ళు కుట్టి అమ్మకుండానన్నమాట.

ఇంత చేసినా, మన పెరట్లో దండెంమీద ఆరేసిన జత ఎవడో ఎత్తుకుపోతే ఏం లాభం? మా ఇంట్లో పద్ధతి ఇది: యూనిఫారం లోపలి వరండాలోనే ఆరుతుంది. చిరిగిపోయినదాని బొత్తాలు, బ్యాడ్జీలు, పేరు పట్టీ విప్పి పెట్టెలో పెట్టి, బట్టను ముక్కలు చేస్తాను. "దేశం కోసం వేసుకున్న బట్టను మసిగుడ్డ చేస్తావా?" అని మా అత్తగారు బాధపడింది. ఆవిడ బాధలో తప్పేమీ లేదు. కాని మూటలో చెక్కుచెదరకుండా పోయే చొక్కాకంటే మసిగుడ్డే నయమని మా వారూ అన్నారు, నేనూ అంటాను.

ఫోటోల విషయమూ ఇలాంటిదే. భుజంమీది గుర్తు చూస్తే తెలిసినవాడికి ఏ దళమో తెలిసిపోతుంది. 2020 జూలైలో సైన్యం తనవాళ్ళను ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమంది. ఆయన తీసేశాడు సరే, "మా ఆయన ఫలానా చోట పోస్టింగు" అని ఇల్లాలు ఫోటో పెడితే?

పతకాల దగ్గర మాత్రం నా గొంతు కాస్త తగ్గుతుంది. ఎడమరొమ్ము మీద పెట్టుకునేవి సొంతంగా సంపాదించుకున్నవి. చనిపోయిన సైనికుడి పతకాలను, యుద్ధస్మారకాల దగ్గర శ్రద్ధాంజలి వంటి సందర్భాల్లో, ఆయన దగ్గరి బంధువులు కుడివైపు పెట్టుకోవటానికి 2019లో మన సైన్యం అనుమతించింది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గాల్వాన్‌లో మరణించారు. 2021 నవంబరులో ఆయన మహావీర చక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య అందుకున్నారు. టీవీలో అది చూస్తూ మా వీధివాళ్ళు ఎవరూ మాట్లాడలేదు. కుడివైపు పతకం పెట్టుకున్న స్త్రీ ఎక్కడైనా కనబడితే "ఇదేం ఫ్యాషను" అని నవ్వకండి. అర్థం తెలుసుకుని లేచి నిలబడి కుర్చీ ఇవ్వండి.

ఇదంతా పాత ఇంగ్లీషు దొరల తంతు, మనకెందుకని మన లెక్చరర్లే కొందరంటారు. సగం నిజమే. మెస్సులో కత్తీ ఫోర్కుల తంతు పోయినా నాకు బాధ లేదు. సోఫాల తంతు రేపే పోవాలి. కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకోవటం, పాతబట్ట దాచటం మాత్రం దొరల కోసం కాదు.

భార్యలు, భార్యలు అని రాసుకుంటూ పోయాను గాని, 1992 నుంచి ఆడవాళ్ళూ ఆఫీసర్లవుతున్నారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పు తర్వాత పర్మనెంట్ కమిషన్, కమాండు కూడా దక్కాయి. మా క్వార్టర్ల దగ్గర ఒక లేడీ మేజరుగారి భర్త బ్యాంకు ఉద్యోగి. ఎవరైనా ఆవిడకు సెల్యూట్ చేస్తే ఆయన అడుగు వెనక ఆగేవాడు. కూరల సంచీ ఎప్పుడూ ఆయన చేతిలోనే. ఆయనకు ఇవన్నీ ఎవరు నేర్పారో గాని, ఆ కంటోన్మెంటులో ఆయనకంటే బాగా తెలిసిన ఆడవాళ్ళు తక్కువ.

మన ఎన్.సి.సి. వారు వార్షిక శిబిరం చివరిరోజున కేడెట్ల తల్లిదండ్రులను ఎలాగూ పిలుస్తారు. ఆ రోజు ఒక గంట ఈ సంగతులు చెప్పించమని కోరుతున్నాను. పిలిస్తే నేను వస్తాను. మా వారిని కూడా తీసుకొస్తాను. కాకపోతే ఆయన మొదలుపెడితే గంటతో ఆపరని ముందే చెబుతున్నాను.