పాకార్డు కర్మాగారపు వేలము

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున పాకార్డు మోటారు కంపెనీవారి కర్మాగారము 1903లో నెలకొని 1956లో మూతపడినది. కంపెనీ నశించినది, పన్ను నశింపలేదు. చేతులు మారి మారి, తుదకు పన్ను బకాయికై జప్తయిన యా శిథిలములను వేన్ కౌంటీవారు 2013లో వేలమువేయగా, 4,05,000 డాలర్లకు ఒక విదేశీయుడు పాడుకొనెను. ఇంచుమించు నలుబది యెకరముల స్థలము! ఎంత చవుక యని లోకులు అబ్బురపడిరి. కొన్నవాడు బాగుచేయుదుననెను, చేయడయ్యెను. పన్నులు మరల పేరుకొనెను. 2022లో న్యాయస్థానము పడగొట్టుమని ఆజ్ఞాపింపగా, ఆ వ్యయము ప్రజాధనముపై బడెను.

దోషము కొన్నవానిదేయని కొందఱందురు. మేమంగీకరింపము. కట్టడమును నిలుపగల శక్తి వానికి కలదా యని అమ్మినవారు విచారింపవలదా? పాట హెచ్చినచో చాలునా?

మన యుభయ తెలుగు రాష్ట్రములందును 1864 నాటి రెవిన్యూ రికవరీ చట్టముక్రింద బకాయి భూములు వేలమునకు వచ్చుచునే యున్నవి. మూతపడిన కంపెనీల స్థలములు వేలమునకు వచ్చునపుడు పాటసొమ్ముతో తృప్తిపడక, పునర్నిర్మాణమునకు జామీనుగొని, గడువు తప్పినచో స్థలము పురపాలక సంఘమునకు జెందునట్లు అమ్మకపు దస్తావేజునందే వ్రాయింపవలయును. చట్టము చాలదేని శాసనసభలు సవరించుగాక.