సిబిల్ బాగుపడేది బంజారాహిల్స్‌లో కాదు

ఈమధ్య మన ఊర్ల దిక్కు ఒక మాట బాగా తిరుగుతోంది. "సిబిల్ చెడిందా? బంజారాహిల్స్‌లో మా సారు ఆఫీసుంది, పదిహేను రోజుల్లో 750 చేయిస్తాం" అంటున్నారు. ఆధార్, పాన్, ఫోనుకొచ్చిన ఓటీపీ, పైగా ముందే డబ్బు. ఇవ్వకండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మన దేశంలో ఈ లెక్కలు రాసే కంపెనీలు నాలుగు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీళ్లు సొంతంగా ఏదీ రాయరు. మీ బ్యాంకు పంపిందే అచ్చేస్తారు. తప్పుందని చెప్తే మళ్లీ ఆ బ్యాంకునే అడుగుతారు, అది ఒప్పుకుంటేనే మారుస్తారు. మరి రోడ్ నంబర్ 12లో ఏసీ గదిలో కూర్చున్నాయన చేసేదేంటి? మీరు పైసా లేకుండా పెట్టుకోగలిగే ఫిర్యాదునే మీ పేరుతో పెడతాడు. సినిమావాళ్లుండే ఏరియాలో ఆఫీసుంటే అందులో ఏదో మహిమ ఉంటదని మనం అనుకుంటాం, వాళ్లకు కావాల్సింది అదే.

అసలు మన రిపోర్టుల్లో తప్పులెట్లా వస్తాయో చూడండి. మొదటిది పేరు. ఒక్కో ఊర్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురుంటారు. బ్యాంకులో ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పుట్టినరోజు తెలియక ఆధార్‌లో జనవరి ఒకటి వేయించుకున్నవాళ్లు ఎంతమందో. అట్లాంటప్పుడు ఒకరి అప్పు ఇంకొకరి నెత్తిన పడకుండా ఉంటదా? నా రిపోర్టు తీస్తే, నేనెప్పుడూ గడప తొక్కని ఊరి బ్రాంచిలో బైకు లోను కనబడింది. ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు పెట్టాక పోయింది.

రెండోది జామీను. బావమరిది ట్రాక్టరుకు సంతకం పెట్టి మర్చిపోతాం, ఆ అప్పు మన రిపోర్టులోనూ ఉంటది. ఇది తప్పు కాదు, నిజమే.

మూడోది మాఫీ. దీని మీద నాకు కోపముంది. 2014లో తెలంగాణలో లక్ష దాకా మాఫీ అన్నారు, విడతలుగా ఇచ్చారు. 2018లో మళ్లీ లక్ష అన్నారు, అది 2023 దాకా సాగింది. 2024లో 2 లక్షలన్నారు, జులై 18న మొదలుపెట్టి ఆగస్టు 15 దాకా మూడు విడతల్లో వేశారు. ప్రభుత్వం కడతదని రైతు ఆగితే, బ్యాంకు పుస్తకంలో అది బకాయే. స్వల్పకాలిక పంటల అప్పు గడువు దాటి రెండు పంటకాలాలు పోతే మొండి బాకీ కింద రాస్తారు. మాఫీ జీవో రాసేటప్పుడే "ఈ ఆలస్యం రైతు ఖాతాకు మచ్చ కాకూడదు" అని బ్యాంకులతో మాట్లాడుకోవాలి కదా. డబ్బు వేసి ఫొటో దిగారు, రిపోర్టు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. నిజంగా జరిగిన ఆలస్యాన్ని ఎవరూ చెరిపేయలేరు. కానీ మాఫీ డబ్బు పడి, నో డ్యూ కాగితం చేతిలో ఉన్నాక కూడా రిపోర్టులో బాకీ చూపిస్తే అది తప్పే, అది సరిచేయాల్సిందే.

ఏం చేయాలంటే, నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఉన్న రూలే ఇది. ఇంట్లో చదువుకున్న పిల్లలతో తీయించండి. తప్పు కనబడితే ఆ కంపెనీ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి, బ్రాంచిలో కూడా రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. "చూస్తాంలే సారూ" అనే నోటి మాట లెక్కలోకి రాదు. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం రోజుకు 100 రూపాయలు మీకే కట్టాలి. బ్యాంకు 21 రోజుల్లో సరైన వివరం పంపకపోతే బ్యాంకు కట్టాలి, అది పంపినా కంపెనీ మార్చకపోతే కంపెనీ కట్టాలి. ఫిర్యాదు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో కారణం చెప్పాలి.

అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. దానికీ ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్తారు.

ఇంకో మాట. ఎప్పుడూ అప్పు తీసుకోని పిల్లవాడికి స్కోరు లేదనే ఒక్క కారణంతో లోను కాదనకూడదు. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులోనే ఈ మాట చెప్పింది. మేనేజర్ సారు కాదంటే, ఆ కాదన్నదే కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి.

పంట రుణం రెన్యువల్‌కు పోయే నెల ముందే రిపోర్టు తీసి చూసుకోండి, 30 రోజుల లెక్క సరిపోవాలి. ఎవరి దాంట్లో ఎట్లాంటి తప్పు దొరికిందో కింద రాయండి. పాన్ నంబరు, ఖాతా నంబరు మాత్రం పెట్టకండి.