ప్రోగ్రామూ సాహిత్యమేనట!

1957 నాటి మన కాపీరైటు చట్టం దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము కూడా ‘సాహిత్య కృతి’యే. కావ్యానికి వలెనే దానికీ కర్త మరణానంతరం 60 ఏళ్లు రక్షణ ఉన్నది. అయితే కావ్యాన్ని వందేళ్లకైనా చదువుకోవచ్చును. ప్రోగ్రాము యంత్రం మారగానే మూగబోతుంది. వస్తువు మరణించినా హక్కు బ్రతికే ఉంటుంది.

ఈ దెబ్బ తెలుగుకు గట్టిగా తగిలినది. యూనికోడుకు ముందు డీటీపీలో కూర్చిన గ్రంథాలు ఆయా సంస్థల సొంత సంకేతాలలో ఉండిపోయినవి. మా హుజూర్‌నగర్‌లో కూర్చిన శతకమైనా, హైదరాబాదులో కూర్చిన నిఘంటువైనా, ఆ ఫాంటు లేనిచో తెరపై కనబడేవి అర్థంలేని గుర్తులే. రచనపై హక్కు కవిది, తాళంచెవి మరొకరిది.

శ్రమకు ప్రతిఫలం వలదనను. దొంగ ప్రతులను సమర్థించను. కానీ అమ్మకం నిలిచిపోయిన ప్రోగ్రాముకు రక్షణ గడువు కుదించాలి. సంకేతాల పట్టికనైనా బహిరంగపరచాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన యూనికోడు ఫాంట్లను జీపీఎల్ క్రింద విడుదల చేసి దారి చూపారు. అదే షరతుపై వాటిని పంచుకొనవచ్చును, సవరించుకొనవచ్చును. భాగవతాన్ని రాజుకు అంకితమీయలేదని ప్రసిద్ధికెక్కిన కవి పేరు అట్టి ఫాంటుకు తగినదే.

మిత్రులారా, ఆ పాత ప్రోగ్రాములు ఇంకా నడుస్తూండగానే మీ ఫైళ్లను యూనికోడులోకి మార్చుకొనండి.